చీనా గ్రంథములను చీనా గ్రంథములుగా చదువుట

మన దేశమున చీనాను గూర్చిన పరిశోధన రెండు పాయలుగా సాగుచున్నది. ఒకటి సంస్కృత బౌద్ధ విద్వాంసులది. వారికి చీనా అనగా మనము పోగొట్టుకొన్న గ్రంథములు భద్రపరుపబడిన భాండాగారము. రెండవది రాజనీతి, అంతర్జాతీయ సంబంధముల శాఖలవారిది. వారికి చీనా అనగా సరిహద్దు, సైన్యము, వాణిజ్యము, కమ్యూనిస్టు పార్టీ మహాసభల తీర్మానములు. మొదటివారు తాంగ్ వంశకాలమును దాటి ఈవలికి రారు. రెండవవారు 1949వ సంవత్సరమునకు ఆవలికి పోరు. అపవాదములు లేకపోలేదు గాని మొత్తముమీద ధోరణి ఇది. ఈ రెండింటి నడుమ చీనా ప్రజ, వారి కుటుంబవ్యవస్థ, వారి చదువు, ఒక పరాయి ధర్మమును వారు తమదిగా చేసికొన్న తీరు, ఇవి అడుగువారు లేక పడియున్నవి. రాజనీతి పాయతో ప్రాచ్యకళాశాలలవారికి అంతగా పని లేదు. మొదటి పాయ మాత్రము మనదే. ఆ పాయలో బలపడిన ఒక అలవాటు చీనా అధ్యయనమునకును, చివరకు సంస్కృతాధ్యయనమునకును హాని చేయుచున్నదని నా అభిప్రాయము. ఆ అలవాటేమనగా, చీనా అనువాదమును చదువుచున్నంతసేపు దాని వెనుకనున్న సంస్కృతమునే చూచుట. ఎదుటనున్న చీనా గ్రంథమును చూడకపోవుట.

మనకు మిక్కిలి దగ్గరి ఉదాహరణముతో మొదలిడెదను. మాధ్యమికాచార్యుడైన భావవివేకుని 'కరతలరత్నము' సంస్కృతమున లభింపలేదు. టిబెట్ భాషలోనికిని పోలేదు. హ్యూన్‌త్సాంగ్ 649లో చేసిన చీనా అనువాదమొక్కటే మిగిలినది. ధాన్యకటకమునకు చేరువనున్న కొండగుహలో భావవివేకుడు మైత్రేయుని రాకకై వేచియున్నాడను కథను చెప్పినవాడును ఆ యాత్రికుడే. కావున ఇది ఆంధ్రదేశముతో సంబంధము కల ఆచార్యుని గ్రంథము. ఎన్. అయ్యస్వామి శాస్త్రిగారు దీనిని చీనా నుండి తిరిగి సంస్కృతీకరించి 1949లో విశ్వభారతి ద్వారా ప్రకటించిరి. నాగార్జునుని పేర చీనాలోనున్న ద్వాదశముఖశాస్త్రమును, హరివర్మ సత్యసిద్ధిశాస్త్రమును కూడ వారు అట్లే సంస్కృతమునకు తెచ్చిరి. అట్టి పని చేయుటకు రెండు భాషలయందు సమానమైన అధికారము, దర్శనగ్రంథములయందు గాఢమైన పరిచయము కావలెను. ఆ తరమువారి శ్రమకు నమస్కరింపవలసినదే.

అయితే పునస్సంస్కృతీకరణమును ఒక పరిశోధనప్రక్రియగా, అందునను పిహెచ్.డి. పట్టమునకు చాలిన పనిగా స్వీకరించుటలో చిక్కు కలదు. అందువలన తయారగునది భావవివేకుని వాక్యము కాదు. భావవివేకుడు ఇట్లు వ్రాసియుండునని ఇరువదవ శతాబ్ది పండితుడొకడు చేసిన ఊహ. శాస్త్రిగారి వంటివారు ఈ భేదమును ఎరిగియే వ్రాసిరి. తరువాతివారు ఆ ఊహావాక్యమునే మూలముగా ఉదహరించుట మొదలైనది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. కరతలరత్నమునకు 649 తరువాత చీనా, కొరియా, జపానులలో దీర్ఘమైన జీవితము కలదు. అందలి ఒక అనుమానవాక్యమును ఆధారముగా చేసికొని భావవివేక ధర్మపాలుల మతములలో ఏది గ్రాహ్యమను వాదము ఆ దేశములలో తరతరములు నడిచినది. సంస్కృతీకరించు వానికి ఆ చరిత్రతో పని లేదు. వాని చూపు 649కి వెనుకకే పోవును. ఆంధ్రదేశముతో సంబంధము కల ఒక గ్రంథము తూర్పు ఆసియాలో ఏమేమి ఆలోచనలను పుట్టించినదో తెలిసికొనవలెనను కుతూహలము మనకే లేకున్న మరెవరికి ఉండును?

ఇక యాత్రికుల వ్రాతల మాట. హ్యూన్‌త్సాంగ్ రచనలోని ఆంధ్రదేశ ప్రకరణమును మన భాషాచరిత్రలలో తరచు చూచుచుందుము. ఇచటి భాష మధ్యదేశభాషకంటె భిన్నమనియు, లిపి మాత్రము చాలవరకు ఒక్కటే అనియు ఆయన చెప్పినట్లు వ్రాయుదురు. దీనికి ఆధారము శామ్యూల్ బీల్ 1884లో ప్రకటించిన ఆంగ్లానువాదము. బీల్ ఈ చోట అక్షరముల 'ఆకారములు' ఇంచుమించు సమానమని అనువదించెను. చీనా మూలమున ఆకారవాచకమైన పదమే లేదు. వ్రాతను గూర్చి అక్కడ ఉన్నది 'క్వెయ్-ౘ' అను జంటపదము. అందు మొదటి అక్షరమునకు బండిచక్రపు జాడ, గాడి అనియు, రెండవదానికి నియమము అనియు అర్థము. రెండును కలిసి పద్ధతి, విధానము, మర్యాద అను అర్థమునిచ్చును. అనగా వ్రాతకు సంబంధించిన నియమములు స్థూలముగా సమానమని యాత్రికుని మాట.

ఈ భేదము చిన్నది కాదు. ఏడవ శతాబ్ది పూర్వార్ధమునాటి వేంగీ చాళుక్యుల శాసనముల అక్షరములను, 628నాటి హర్షుని బాంస్‌ఖేరా తామ్రశాసనపు అక్షరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు ఆకారములు సమానమని చెప్పజాలరు. అప్పటికే దక్షిణాది అక్షరము గుండ్రదనమునకు తిరిగినది. బీల్ మాటను నమ్మినచో యాత్రికుడు సరిగా చూడలేదనవలెను, లేదా శాసనములనే శంకింపవలెను. మూలపదమును చూచినచో ఈ చిక్కు లేదు. వర్ణమాలాక్రమము, హల్లునకు అచ్చుగుర్తు చేర్చు విధానము, సంయుక్తాక్షరముల కూర్పు, ఇవి ఉత్తరమునను దక్షిణమునను ఒక్కటే. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అక్షరము వ్రాయు దేశమునుండి వచ్చినవానికి మొట్టమొదట కంటబడునది ఈ పద్ధతియే గాని గీతల వంపు కాదు. నా అర్థమే తుదియని చెప్పను. అయితే ఆంగ్లానువాదమును మాత్రమే చదివిన పరిశోధకునకు ఈ ప్రశ్న పుట్టుటకే అవకాశము లేదు.

మరియొక సంగతి. భాష మధ్యదేశముతో ఎంత పోలునో చెప్పుట ఒక్క ఆంధ్రమునకే చేసినది కాదు. కళింగ, ద్రావిడ ప్రకరణములందును అదియే కొలబద్ద. ప్రతి దేశమునకు చుట్టుకొలత, రాజధాని, నేల, పంట, శీతోష్ణములు, జనుల స్వభావము, భాష, విహారముల సంఖ్య, ఈ వరుస ఇంచుమించు తప్పదు. ఇది చీనా రాజవంశచరిత్రలలో పరదేశములను వర్ణించు ప్రకరణముల అచ్చు. ఈ గ్రంథము తాంగ్ చక్రవర్తి తైత్సుంగ్ కోరికపై 646లో సిద్ధమైనది. పడమటి దేశముల వివరములు ఆ చక్రవర్తికి రాజ్యవిస్తరణ దృష్టితో కావలసియుండెను. కూర్చినవాడు బ్యెన్‌జీ అను శిష్యుడు. అనగా మనము ఆంధ్రదేశచరిత్రకు ఆకరముగా చదువుచున్నది చీనా రాజసభకు సమర్పింపబడిన నివేదిక. ఆ సభకు ఏమి కావలెనో తెలియక, అది మనకు ఏమి చెప్పుచున్నదో తేల్చుట సాధ్యము కాదు.

ఇత్సింగ్ విషయము వ్యాకరణాధ్యాపకులకు సుపరిచితము. ఆయన గ్రంథమున ముప్పదినాల్గవ ప్రకరణమున పాణినీయమును, కాశికను, పతంజలి భాష్యమును భారతదేశమున ఎట్లు చదువుదురో వర్ణించెను. భర్తృహరి గతించి నలువది సంవత్సరములైనదని కూడ వ్రాసెను. 1896లో తకకుసు ఆంగ్లానువాదము వెలువడిన పిమ్మట ఈ వాక్యము ఆధారముగా భర్తృహరిని ఏడవ శతాబ్దికి తెచ్చిరి. వాక్యపదీయ కారికలను దిఙ్నాగుడు ఉపయోగించెనని బయటపడిన తరువాత ఆ లెక్క నిలువలేదు. భర్తృహరి అయిదవ శతాబ్దివాడని నేడు ఎక్కువమంది అంగీకరించుచున్నారు. అయినను మన పాఠ్యగ్రంథములు కొన్ని ఇత్సింగ్ తేదీనే వల్లించుచున్నవి.

ఇత్సింగ్ పొరబడెనని సరిపెట్టుకొనుట సులభము. ఆయన ఏల వ్రాసెనని అడుగుట మేలు. ఆ గ్రంథమున నలువది ప్రకరణములు. వానిలో అధికభాగము పాత్రలు కడుగుట, భోజనపు ఆసనములు, చీవరము కట్టు తీరు, దంతకాష్ఠము మొదలగు వానిని గూర్చినవి. శ్రీవిజయమునుండి 692లో ఆయన దీనిని చీనాకు పంపెను. వినయపిటకమును చీనా భిక్షువులు తప్పుగా ఆచరించుచున్నారనుట ఆయన ఆరోపణ. మూలసర్వాస్తివాదుల ఆచారమే ప్రమాణమని నిరూపించుట ఆయన పని. అప్పుడు చీనాలో సింహాసనముపై ఉన్నది వూ ౙత్యెన్ అను సామ్రాజ్ఞి. చీనా చరిత్రలో చక్రవర్తిపదమును స్వయముగా ధరించిన స్త్రీ ఆమె యొక్కతియే. బౌద్ధమునకు రాజాదరము శిఖరమునకెక్కిన కాలము అది. భారతదేశము పేర ఇత్సింగ్ వ్రాసినది తన దేశపు సన్న్యాసులను దిద్దుటకు వ్రాసిన పుస్తకము. భర్తృహరి ఆయనకు ఆదర్శవిద్యార్థి కథలో ఒక పాత్ర. అట్టి కథలో వచ్చిన సంఖ్యను శాసనములోని శకసంవత్సరమువలె స్వీకరించుట మన లోపమే గాని ఆయనది కాదు.

ఇక అనువాదముల సామాజికచరిత్రకు వత్తము. 645లో హ్యూన్‌త్సాంగ్ అనువాదకార్యమునకు పూనుకొన్నప్పుడు ఆయన చుట్టు చేరిన బృందమున అర్థమును పరీక్షించువారు పండ్రెండుగురు, వాక్యమును కూర్చువారు తొమ్మండుగురు, లిపిశాస్త్రజ్ఞుడొకడు, సంస్కృతమును సరిచూచువాడొకడు ఉండిరి. సంస్కృతమునకు ఒక్కడు, చీనా వాక్యమునకు తొమ్మండుగురు! ఈ లెక్కయే ఆ కార్యము ఎటువైపు మొగ్గినదో తెలుపును. ఖర్చు రాజ్యమునది. పందొమ్మిది సంవత్సరములలో 75 గ్రంథములు, 1,335 సంపుటకములు తయారైనవి. ఇంతటి అనువాదయంత్రాంగమును నడిపిన రాజ్యము ఎట్టిది, దాని ఉద్యోగివర్గము ఎట్టిది, ఆ చదువరులెవరు అనునవి చీనా సమాజచరిత్రకు సంబంధించిన ప్రశ్నలు.

ఒక సమాసమును తీసికొందము. సంస్కృతమున 'మాతాపితరౌ' అందుము. అభ్యర్హితమైనదానికి పూర్వనిపాతమును విధించు వార్తికమునకు ఇది మనము విద్యార్థులకు చెప్పు ఉదాహరణము. చీనా అనువాదములలో ఇది తరచుగా 'పితామాతలు' అయినది. సిగాలునకు బుద్ధుడు చేసిన ఉపదేశమున భార్యాభర్తల పరస్పరధర్మములు చెప్పిన చోట, కొన్ని చీనా పాఠములలో భర్త ఏలువాడును, భార్య అణగియుండునదియు అయినారు. జపాను పండితుడు నకమురా హజిమె 1957లో ఇట్టివి అనేకము చూపి, కన్ఫ్యూషియసు ధర్మపు ఒత్తిడి వలన అనువాదములు మారినవనెను. దీనికి ప్రతివాదమును వచ్చినది. పితృభక్తి చీనావారి ప్రత్యేకత కాదనియు, భారతదేశపు బౌద్ధదానశాసనములలో తల్లిదండ్రుల పుణ్యమునకై చేసిన దానములు కోకొల్లలనియు గ్రెగరీ షోపెన్ 1984లో చూపెను. ఈ వాదమున తీర్పు చెప్పగలవాడెవడు? సంస్కృతసమాసమును, భారతీయశాసనమును, చీనా వాక్యమును మూడింటిని మూలమున చదువగలవాడు. మనకు రెండు చేతిలోనున్నవి.

సన్న్యాసి రాజునకు మ్రొక్కవలెనా అను ప్రశ్న మన దేశమున వివాదము కాలేదు. చీనాలో అది మూడు శతాబ్దులు నలిగినది. హ్వేయువాన్ అను ఆచార్యుడు 404లో శ్రమణుడు రాజునకు మ్రొక్కనక్కరలేదని గ్రంథమే వ్రాసెను. 662లో తాంగ్ చక్రవర్తి గావ్‌త్సుంగ్ భిక్షువులు రాజునకును తల్లిదండ్రులకును మ్రొక్కవలెనని తలపెట్టి అధికారులను సమావేశపరచెను. అధికసంఖ్యాకులు వలదనిరి. చక్రవర్తి మొదట రాజు మాట విడిచి తల్లిదండ్రుల మాటనే నిలిపెను. పిమ్మట అదియు విడువబడెను. ధర్మమునకు, రాజ్యమునకు, కులకుటుంబమునకు నడుమ ఎవరి హద్దు ఎంతవరకో నిర్ణయించుకొనుటకు ఒక నాగరికత పడిన ఘర్షణ ఇది. 845లో ఆ ఘర్షణ మరియొక రూపము దాల్చినది. ఆ సంవత్సరపు రాజాజ్ఞ వలన 4,600 విహారములు మూతపడినవనియు, 2,60,500 మంది భిక్షు భిక్షుణులు గృహస్థులుగా మార్చబడి పన్నుల పట్టికలలోనికి ఎక్కింపబడిరనియు తాంగ్ చరిత్ర చెప్పుచున్నది. దీనికి మతద్వేషమొక్కటే కారణము కాదు. విహారములకు మాన్యములు, పిండిమరలు, నూనెగానుగలు, వడ్డీవ్యాపారము కలవు. తున్‌హ్వాంగ్ గుహలలో దొరికిన అప్పుపత్రములను పరిశీలించి ఝాక్ జెర్నే 1956లో ఫ్రెంచి భాషలో వ్రాసిన గ్రంథము దీనిని విశదము చేసినది. బౌద్ధము చీనాకు పోయిన కథను మనము వేయిసార్లు చెప్పుకొంటిమి. పోయి అక్కడ పన్ను కట్టని భూస్వామి అయిన కథను చెప్పుకొన్నది తక్కువ.

ఒక్క సైనికుని పంపకుండ భారతదేశము చీనాను సాంస్కృతికముగా జయించినదను మాటను హూ షీ పేర మన వక్తలు సభలలో తరచు చెప్పుచుందురు. హూ షీ 1936లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు త్రిశతాబ్ది సభలలో చేసిన ప్రసంగమును పూర్తిగా చదివినవారు ఆ మాటను అంత ఉత్సాహముతో చెప్పలేరు. భారతీయీకరణమును ఆయన వరముగా కాక తన జాతి మోసిన బరువుగా చూచెను. ఆధునికవిజ్ఞానము వలన దానినుండి విముక్తి కలుగునని ఆశించెను. ఆయనతో ఏకీభవింపనక్కరలేదు, నేనును ఏకీభవింపను. కాని ఫిర్యాదును ప్రశంసాపత్రముగా పటము కట్టి గోడకు తగిలించుట పాండిత్యము కాదు.

చీనావారు మన పదములను ఊరక స్వీకరింపలేదనుటకు 647లో జరిగిన ఒక చర్చ సాక్ష్యము. కామరూపరాజు కోరికపై లావ్‌ౘ గ్రంథమును సంస్కృతీకరింపుమని తైత్సుంగ్ చక్రవర్తి ఆజ్ఞాపించెను. హ్యూన్‌త్సాంగును, దావ్ మతపండితులును కలిసి కూర్చుండిరి. వారిలో లావ్‌ౘ వ్యాఖ్యాత ఛంగ్ శ్వెన్‌యింగ్ ఒకడు. 'దావ్' అను మాటను ఏమనవలెను? దావ్ పండితులు 'బోధి' అనవలెననిరి. హ్యూన్‌త్సాంగ్ ఒప్పుకొనక 'మార్గ' అనియే అనవలెననెను. తమ పరమతత్త్వము బుద్ధుని జ్ఞానముతో సమానమని వారి పక్షము. అది వట్టి దారి అనుట ఈయన పక్షము. ఒక్క పర్యాయపదమును గూర్చిన తగవున రెండు మతముల అంతస్తుల తగవు ఇమిడియున్నది. దావ్‌శ్వెన్ అను సమకాలికుడు దీనిని నమోదు చేసెను. పెలియో 1912లో దీనిపై ఫ్రెంచి భాషలో విపులముగా వ్రాసెను. ఆ సంస్కృతానువాదము నేటివరకు దొరకలేదు. అర్థనిర్ణయమును, లక్షణాశక్తిని, పర్యాయత్వమును గూర్చి శతాబ్దులుగా శాస్త్రములు నడిపిన మనకు ఇంతకంటె రుచికరమైన ప్రకరణము మరియొకటి ఉండునా? అయినను తెలుగున దీనిపై ఒక విపులమైన వ్యాసము నా కంటబడలేదు.

సంస్కృతమే మూలము, చీనా నీడ అను నమ్మకమునకు గట్టి దెబ్బ ప్రజ్ఞాపారమితాహృదయసూత్రము విషయమున తగిలినది. ఈ సూత్రము మొదట చీనాలోనే కూర్పబడినదనియు, కుమారజీవుని బృహత్ప్రజ్ఞాపారమితానువాదము నుండి ఒక భాగమును తీసి చేసినదనియు, సంస్కృతపాఠము దానినుండి వెనుకకు అనువదింపబడినదనియు జాన్ నాటియర్ 1992లో వాదించెను. ఆమె ఆధారము భాషాసంబంధి. చీనాలో రెండు గ్రంథముల వాక్యములు అక్షరాక్షరము కలియుచున్నవి. సంస్కృతమున బృహద్గ్రంథమున క్రియాపదములున్న చోట హృదయసూత్రమున విశేషణములు ఉన్నవి. అర్థమొక్కటే, మాటలు వేరు. ఒక వాక్యము పరభాషలోనికి పోయి తిరిగి వచ్చినచో ఇట్లే అగును. జపానులోను ఇతరత్రను దీనిని కాదన్నవారు కలరు; వాదము ముగియలేదు. ముగియని వాదమున సంస్కృతవ్యాకరణము తెలిసిన భారతీయుల స్వరము ఇంత సన్నగా వినబడుట విచారకరము. పైగా మనము నిత్యము చేయు పునస్సంస్కృతీకరణమే ఏడవ శతాబ్దిలో ఎవరో చేసియుందురనుట ఈ వాదపు సారము. అది నిజమైనచో మన ప్రక్రియపై మనకే ఒక హెచ్చరిక.

రెండవ పాయను గూర్చి కొద్దిగా. 1937లో శాంతినికేతనమున తాన్ యున్‌షాన్ నిర్వాహకత్వమున చీనాభవనము వెలసినది. ప్రబోధచంద్ర బాగ్చీ సంస్కృత చీనా నిఘంటువులు రెండింటిని పరిష్కరించెను. అందొకటి ఇత్సింగ్ పేరిటిది. బాగ్చీ 1944లో వ్రాసిన భారత చీనా సంబంధముల చరిత్ర నేటికిని ఉపయుక్తము. 1962 యుద్ధము తరువాత దృష్టి మారినది. ఢిల్లీలో చీనా అధ్యయనకేంద్రము, 1964నుండి 'చైనా రిపోర్ట్' పత్రిక వచ్చినవి. శత్రువును తెలిసికొనవలెనను తొందర సహజమే. కాని తొందరలో పెరిగిన చదువునకు ఆంగ్లమే ఆధారమైనది. చీనా పల్లెను చీనావాడే ఎట్లు చూచెనో తెలుపు ఫే శ్యావ్‌తుంగ్ రచనలు అట్టి పరిశోధకులకు మార్గదర్శకములు కావలసినవి. 1936లో తన ప్రాంతపు పల్లెలో ఉండి ఆయన వ్రాసిన గ్రంథము 1939లో వెలువడినది. చీనాలో బంధుత్వము నీటిలో రాయి పడినప్పుడు లేచు వలయములవంటిదని తరువాతి రచనలో ఆయన చెప్పెను. ప్రతివాడును తన వలయములకు తానే నడుమ. 1952లో అక్కడి విశ్వవిద్యాలయములనుండి సమాజశాస్త్రమునే తొలగించిరి. 1957లో ఆయనకు మితవాదియను ముద్ర పడినది. 1979లో ఆ శాస్త్రమును మరల నిలిపినవారిలో ఆయనే ముఖ్యుడు. చీనా రాజకీయమునకును చీనా విద్యకును గల సంబంధమును తెలిసికొనుటకు ఈ ఒక్క జీవితము చాలును.

చీనావారు మనను ఎట్లు చదువుచున్నారో చూచినచో కొంత సిగ్గు కలుగును. జీ శ్యెన్‌లిన్ జర్మనీలో సంస్కృతమును, తొఖారీ భాషను అభ్యసించి స్వదేశమునకు తిరిగిపోయెను. సాంస్కృతికవిప్లవకాలమున పెకింగ్ విశ్వవిద్యాలయమున ఆయనను విద్యార్థివసతిగృహపు కావలివానిగా చేసిరి. ఆ గుమ్మములో కూర్చుండి, 1973లో వాల్మీకిరామాయణానువాదమును రహస్యముగా మొదలిడెను. 1980, 1984 సంవత్సరముల మధ్య ఏడు కాండములును అచ్చైనవి. భారతప్రభుత్వము 2008లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చినది. జిన్ కమూ సారనాథమున ధర్మానంద కోశాంబి వద్ద చదివి, 1964లో సంస్కృతసాహిత్యచరిత్రను చీనాలో వ్రాసెను. హ్వాంగ్ బావ్‌షంగ్ ఆధ్వర్యమున మహాభారతము సంస్కృతమూలమునుండి 2005లో ఆరు సంపుటములుగా వెలువడినది. వారు రామాయణమును చీనాకు సంబంధించిన ఆనవాళ్ళకై చదువలేదు, రామాయణముగా చదివిరి. వారి చారిత్రకగ్రంథమైన 'షీజీ'ని అట్లు మూలమునుండి తెలుగునకు తేగల సంస్కృతపండితుడొకడు నేడు మన కళాశాలలలో కలడా?

సంస్కృతజ్ఞునకు చీనా అందని మ్రానిపండు కాదు. ప్రాచీన చీనా ఉచ్చారణశాస్త్రము మన శిక్షాశాస్త్రపు చలువతో పెరిగినది. షౌవన్ అను భిక్షువు పేర ప్రసిద్ధమైన ముప్పదియారు ఆద్యక్షరముల పట్టికలో ఓష్ఠ్యములు, దంత్యములు, కంఠ్యములు వర్గములుగా ఉండును. ప్రతి వర్గమున అఘోషాల్పప్రాణము, మహాప్రాణము, ఘోషము, అనునాసికము వరుసగా వచ్చును. 'క ఖ గ ఙ' తెలిసినవానికి దానిని వివరింపనక్కరలేదు. 1923లో వాంగ్ రుంగ్‌బావ్ సంస్కృతపదముల చీనా లిప్యంతరీకరణములను ఆధారముగా చేసికొని ప్రాచీనకాలపు అచ్చుల ఉచ్చారణను నిరూపించినప్పుడు చీనా పండితలోకమున పెద్ద వివాదమే లేచినది. ఇక నిఘంటువులు. క్రీ.శ. 100 నాటి 'శ్వోవన్' నిఘంటువున 9,353 అక్షరములు 540 వర్గములలో అమర్పబడినవి; దానిపై త్వాన్ యూత్సాయ్ 1815లో ప్రకటించిన వ్యాఖ్య లింగాభట్టీయమును చదివినవారికి పరాయిదిగా తోచదు. అంతకు పూర్వపు 'అర్‌యా' నిఘంటువున బంధువాచకములకే ఒక ప్రత్యేక అధ్యాయము కలదు. దానిని అమరకోశపు మనుష్యవర్గముతో పోల్చి చదువుట ఒక సిద్ధాంతవ్యాసమునకు చాలిన పని. తండ్రివైపు పెద్దవానిని, చిన్నవానిని, తల్లివైపు వారిని వేరువేరు మాటలతో పిలుచు తెలుగువారికి ఆ అధ్యాయము ఆంగ్లేయులకంటె సులభముగా అందును.

లిపి విషయమున కూడ మనకు ఒక సౌకర్యము కలదు. చీనా పేర్లను నేడు రోమన్ అక్షరములనుండి తెలుగునకు దించుకొనుచు తప్పులు చేయుచున్నాము. చీనా భాషలో స్పర్శములకు ముఖ్యమైన భేదము అల్పప్రాణ మహాప్రాణభేదము. రోమన్ లిపిలో అది మరుగుపడును. మన లిపిలో పడదు. దంత్యమైన మన ౘకారము లావ్‌ౘ పేరులోని ధ్వనికి సరిగా అమరును. అచ్చుకూటములలో ఆ అక్షరము కనుమరుగగుచున్న కాలమున దానికి ఇట్టి పని ఒకటి దొరకుట సంతోషమే. ఈ వ్యాసమున ప్రసిద్ధమైన పేర్లను వాడుకలోనున్నట్లే ఉంచితిని. ఒక నిర్ణీతపద్ధతిని మన భాషాశాస్త్రజ్ఞులు ఏర్పరుపవలెను.

ఆక్షేపణలు ఊహింపదగినవే. అధ్యాపకుల ఖాళీలు పూరింపబడకున్నప్పుడు చీనా పాఠము ఎవరు చెప్పుదురు? శిరోమణి విద్యార్థికి సిద్ధాంతకౌముదియే బరువైనప్పుడు అక్షరములు వేలకొలది ఎట్లు నేర్చును? ఉద్యోగమునకు పనికివచ్చునా? విద్యార్థులందరికి నేర్పుడని నేనును అనుట లేదు. పరిశోధనస్థాయిలో ఇద్దరు ముగ్గురు, రెండు సంవత్సరములు, ప్రాచీన చీనా గద్యమును మాత్రము చదివిన చాలును. మాట్లాడుట అక్కరలేదు. జపానులో 1924, 1934ల మధ్య అచ్చైన తైషో త్రిపిటకమును తైవానులోని విద్వాంసులు కంప్యూటరుకెక్కించి ఉచితముగా అందించుచున్నారు. గ్రంథాలయము లేదను సాకు ఇక చెల్లదు. చీనా అనువాదము ఆధారముగా వ్రాయు సిద్ధాంతవ్యాసములకు ఆంగ్లానువాదమును మాత్రమే చూచితినను మాటను పరీక్షకులు అంగీకరింపకుండుట మరియొక చర్య. పునస్సంస్కృతీకరణమును సమర్పించువారు చీనా పాఠమును, దాని చీనా వ్యాఖ్యలను కూడ పరామర్శింపవలెనని నియమించుట మూడవది. దీనికి విశ్వవిద్యాలయ నిధుల సంఘమును అడుగనక్కరలేదు. పాఠ్యనిర్ణాయకసమితి తీర్మానము చాలును.

మొదటి సంవత్సరమునకు పాఠమేమని అడుగువారికి నా సూచన ఇది. హ్యూన్‌త్సాంగ్ గ్రంథపు పదవ సంపుటకమునుండి కళింగ, ఆంధ్ర, ధాన్యకటక, ద్రావిడ ప్రకరణములు. అన్నియు కలిపినను కొలది పుటలకు మించవు. బీల్ అనువాదమును, 1904, 1905లలో వెలువడిన వాటర్స్ వివరణమును ఎదుట పెట్టుకొని, ఒక్కొక్క వాక్యమునకు అన్వయము చెప్పుచు చదివినచో ఆరు మాసముల పని. భావవివేకుని గుహ ఆ పుటలలోనే ఉన్నది.